ఊహల కథల పుస్తకం మూడో కథకే కొరుకుడు పడట్లేదు, అసలు మీరెలా చదువుతారు?

మూడోపేజీ:

అందరికీ హాయ్. చాలా రోజులుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఏమీ రాయలేదు, ఇవాళ తప్పట్లేదు.

నేను పక్కా నవలల మనిషిని. 500 పేజీలున్నా ఏకబిగిన లాగించేస్తా, మధ్యలో ఎవరైనా పిలిస్తే విసుక్కుంటా కూడా. అలాంటిది మొన్న ఒక ఫ్రెండు ఒక కథల పుస్తకం బలవంతంగా చేతిలో పెట్టి చదివి తీరాల్సిందే అన్నాడు. మొత్తం 14 కథలు, అన్నీ "ఇలా గనక అయితే" టైపు ఊహల కథలే. స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటారంట. పుస్తకం పేరు కావాలనే చెప్పట్లేదు, చెప్తే థ్రెడ్ మొత్తం ఆ రచయిత గొప్పోడా కాదా అనే గొడవలోకి వెళ్ళిపోద్ది, పోయినసారి చూశాంగా.

మొదటి కథ బాగా ఎక్కింది. ఒకడు మ్యాపులు గీస్తుంటాడు, వాడు గీత ఎటు లాగితే నది అటు పోతుంది, చెయ్యి వణికిన చోట వంపులు తిరుగుతుంది. సరదాగా మొదలై ఆఖర్లో భయపెట్టింది.

రెండో కథలో నిద్రని అప్పుగా ఇవ్వొచ్చు. రాత్రికి ఎన్ని గంటలు ఇచ్చారో ఒక ఖాతా పుస్తకంలో రాస్తారు, కథ మొత్తం ఆ ఖాతా ఎంట్రీల్లోనే నడుస్తుంది, డైలాగు ఒక్కటి కూడా లేదు. ఒకావిడ 11 ఏళ్ళ పాటు రోజూ రెండు గంటలు ఎవరికో ఇస్తూనే ఉంటుంది. ఒక రోజు ఆవిడ ఖాతా మూసేస్తారు. కింద ఇంకెవరిదో చేతిరాతలో ఒక్క లైను ఉంటుంది, రాత్రి ఎప్పుడూ చూడని ఇల్లు కల్లోకొచ్చింది, ఆ తలుపు ఎలా తెరవాలో మాత్రం నా భుజానికి తెలుసు అని. అంతే, కథ అయిపోయింది. నేను పేజీ తిప్పి చూశా ఇంకేమైనా ఉందేమో అని. లేదు.

సరే అని మూడోదానికి వెళ్తే పేజీల్లో పైన అంతా ఖాళీ, అడుగున ఫుట్‌నోట్లు మాత్రమే ఉన్నాయి, అదే కథంట. అక్కడ పుస్తకం మూసేశా.

నా బాధేంటంటే ఒక్కో కథలో లోకం ఏంటి, అక్కడ రూల్సేంటి, ఎవరు ఎవరికి ఏమవుతారు అని కాస్త కుదురుకునే లోపు కథ అయిపోతోంది. మళ్ళీ తర్వాతి కథకి అఆల నుంచి మొదలు. పైగా వెనకటి కథ బుర్రలోంచి పోవట్లేదు, ఫుట్‌నోట్ల కథ చదువుతూ ఆ నిద్ర ఖాతా ఇక్కడ ఎక్కడైనా వస్తుందేమో అని వెతుక్కున్నా, నిజంగా. మీరైతే వరసగా చదివేస్తారా, గ్యాప్ ఇస్తారా? అర్థం కానప్పుడు ముందుకెళ్ళిపోతారా, వెనక్కొస్తారా? లేక నాకే ఈ టైపు పడదంటారా, అదైనా చెప్పండి, పుస్తకం తిరిగిచ్చేస్తా.

బండెడు_పుస్తకాలు:

తిరిగివ్వకండి అప్పుడే.

మీరు చేసిన తప్పు ఒక్కటే, నవల చదివినట్టు చదివారు. నవలంటే ఒకసారి ఇల్లు మారడం లాంటిది. మొదటి రెండ్రోజులు స్విచ్చులెక్కడున్నాయో తెలీక తడుముకుంటాం, ఆ తర్వాత ఇక మనిల్లే. ఇలాంటి సంకలనంలో 14 సార్లు ఇల్లు మారాలి. ఒకే రాత్రి మూడిళ్ళు మారితే ఎవరికైనా బుర్ర తిరుగుద్ది మరి, అందులో మీ తప్పేముంది.

ఇంకోటి చాలామంది మర్చిపోయేది ఏంటంటే ఈ కథలు ఒకేసారి చదవమని రాసినవి కావు. మామూలుగా ఒక్కోటి ఒక్కో పత్రికలోనో సంకలనంలోనో నెలలు, ఏళ్ళ తేడాతో వచ్చుంటాయి, తర్వాత ఎప్పుడో అన్నీ కలిపి అట్ట వేస్తారు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత టెడ్ చియాంగ్ మొదటి సంకలనం 2002లో వచ్చింది, అందులో ఉన్నవి 8 కథలే. మొదటి కథ 1990లో అచ్చయింది, ఆఖరిది ఆ పుస్తకం కోసమే రాశాడు. అంటే పన్నెండేళ్ళ పని. అది మనం రెండు రాత్రుల్లో ఊదేసి "ఏంటో అన్నీ కలగాపులగంగా ఉన్నాయి" అంటే ఎలా. తర్వాతి సంకలనం 2019లో వచ్చింది, అందులో 9. ఆ మనిషి అంత నిదానంగా రాస్తే మనం కాస్త నిదానంగా చదవలేమా అని నేను నాకే చెప్పుకుంటుంటా, అయినా వినను, అది వేరే సంగతి.

నా పద్ధతి చెప్తా. రాత్రికి ఒక్క కథ. అయిపోగానే పుస్తకం మూసి పక్కన పెట్టేయడం, తర్వాతి కథ మొదటి లైను కూడా చూడకూడదు, చూస్తే లాగేస్తుంది. పొద్దున్నే కథ మొత్తం కాదు, మొదటి పేజీ మాత్రం మళ్ళీ చదువుతా, ఐదు నిమిషాల పని. రాత్రి అయోమయంగా ఉన్న పేజీ పొద్దున్నకి అద్దంలా ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు మీకు ఆఖరు తెలుసు. చిన్న కథల్లో మొదటి పేజీని రచయిత రెండోసారి చదివేవాళ్ళ కోసమే రాస్తాడని నాకొక అనుమానం.

మొదలెట్టేముందు కథ ఎంత పొడవుందో కూడా చూసుకోండి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డుల్లో 7,500 పదాల లోపుంటేనే షార్ట్ స్టోరీ అంటారు, అక్కణ్ణుంచి 17,500 దాకా నావలెట్, ఆపైన 40,000 దాకా నావెల్లా. ఒకే పుస్తకంలో ఈ మూడు రకాలూ కలిసి ఉంటాయి. మూడు పేజీల కథకీ ఎనభై పేజీల కథకీ ఒకే రకంగా కూర్చుంటే రెండూ చెడతాయి.

అరసున్న:

పైన చెప్పింది ఎప్పుడు చదవాలి అన్నదానికి. ఎలా చదవాలి అన్నది నేను చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ఈ కథల్లో రచయిత మనతో ఒక బేరం పెట్టుకుంటాడు. ఒక్క అబద్ధం ఒప్పుకో, మిగతా అంతా నిజమే చెప్తా అని. "టైమ్ మెషీన్" రాసిన హెచ్.జి. వెల్స్ 1933లో తన సైన్స్ ఫిక్షన్ నవలలు కొన్ని కలిపి వేసినప్పుడు ముందుమాటలో ఇదే సంగతి రాశాడు, ఏదైనా జరగొచ్చు అనే చోట ఏదీ ఆసక్తిగా ఉండదు అన్నది ఆయన వాదన. కాబట్టి ఒకటే వింత, మిగతాదంతా మామూలు మనుషులు, మామూలు గొడవలు. మీ నిద్ర కథలో అబద్ధం ఏంటి? నిద్ర ఒకరి నుంచి ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంతే, అది దాటి ఇంకేమీ ఒప్పుకోనక్కర్లేదు. ఖాతా పుస్తకం, ఎంట్రీలు, సంతకాలు ఇవన్నీ మనకి తెలిసినవే.

అందుకే నేను చదివేటప్పుడు మొదట వెతికేది ఆ ఒక్క అబద్ధం. సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ది "నైట్‌ఫాల్" అని 1941 కథ ఉంది, ఆ గ్రహానికి ఆరుగురు సూర్యులు, 2,049 ఏళ్ళకోసారి మాత్రమే రాత్రి పడుతుంది. ఒప్పుకోవాల్సింది ఇంతే. చీకటంటే ఏంటో జన్మలో చూడని వాళ్ళకి ఒక సాయంత్రం చీకటి పడబోతుంటే ఎలా ఉంటుంది, సైంటిస్టులు ఏం చేస్తారు, మతం వాళ్ళు ఏమంటారు, కబుర్లు రాసే పత్రికవాడు ఎలా వెటకారం చేస్తాడు అన్నదంతా మన ఊహకి అందేదే. అబద్ధం దొరికిందా, కథ సగం దొరికినట్టే.

రెండోది, ఆ అబద్ధాన్ని ఎవరూ విడమర్చి చెప్పరు. ఆ లోకంలో మనుషులకి అది మామూలు విషయం కదా, మనం ఫోన్ ఛార్జింగ్ పెట్టేటప్పుడు కరెంటు గురించి ఉపన్యాసం ఇస్తామా? హైన్‌లైన్ అనే ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత 1942 నాటి నవలలో ఒక వాక్యం దీనికి బాగా పేరుపడిన ఉదాహరణ, తలుపు తెరుచుకుంది అనకుండా తలుపు కంటిపాపలా విచ్చుకుంది అన్నట్టు రాసి ఊరుకున్నాడు. ఒక్క క్రియ మార్చాడు. ఎందుకలా, ఎలా పని చేస్తుంది, ఎవరు కనిపెట్టారు, ఏమీ లేదు. అది చదివినవాడికి ఇది వేరే కాలం అని దానంతటదే తెలిసిపోతుంది. నవల పాఠకుడు ఇలాంటి చోట ఆగి "ఇదేంటి, నాకేదో మిస్సయింది" అని కంగారు పడతాడు. మిస్సవలేదు, మీకు ఇవ్వాల్సింది ఇచ్చాడు. ఆ ముక్క జేబులో వేసుకుని ముందుకు పోవడమే.

సో మొదటి రెండు పేజీలు అయోమయంగా ఉండటం ఈ జాతి కథల్లో లోపం కాదు, ఆటలో భాగం. పది పేజీలైనా అయోమయంగానే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

తాతగారి_బీరువా:

మీరంతా ఇదేదో కొత్త విద్య అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ మనవాళ్ళకి ఈ చదువు చిన్నప్పుడే అయిపోయింది. భాగవతం నవమ స్కంధంలో రైవతుడి కథ చూడండి. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆ పిల్లని వెంటపెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు, అక్కడ పాట కచేరీ నడుస్తోంది, అయ్యేదాకా కాసేపు ఆగుతాడు. తర్వాత తను మనసులో అనుకున్న పేర్లు చెప్తే బ్రహ్మ నవ్వి, నాయనా నువ్వొచ్చాక కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి, నువ్వు చెప్పినవాళ్ళే కాదు వాళ్ళ కొడుకులు మనవలు కూడా పోయారు, వాళ్ళ గోత్రాల పేర్లు కూడా ఇప్పుడు వినబడట్లేదు అంటాడు. ఆ గోత్రాల మాట దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒక్క పాట వినేంతసేపు!

పింగళి సూరన 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయం రాశాడు, అందులో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెప్తాడు, ఆ కథ అప్పటికింకా జరగలేదు, చెప్పాక జరుగుతుంది. దీన్ని ఏ షెల్ఫులో పెడతారు మరి?

బుర్రతినేవాడు:

వచ్చేసింది. అన్నీ వేదాల్లోనే ఉన్నాయిష 😂

తాతగారి_బీరువా:

బాబూ, నేను పురాణాల్లో సైన్సుందని అన్లేదు, అనను కూడా, ఆ గొడవ వేరే థ్రెడ్లలో చాలానే నడుస్తోంది. నేనన్నది చదివే అలవాటు గురించి. రైవతుడి కథ విన్నప్పుడు మనలో ఎవరైనా "బ్రహ్మలోకానికి ఎలా వెళ్ళాడు, ఏ వాహనం" అని అడిగామా? అడగలేదు. ఆ ఒక్క అబద్ధం ఒప్పుకుని, తిరిగొచ్చిన తండ్రీకూతుళ్ళకి తెలిసిన మొహం ఒక్కటీ కనిపించకపోతే ఎలా ఉంటుందా అనే చూశాం. అరసున్న గారు చెప్పింది అదే కదా.

ఇంకా చెప్పాలంటే అర్థం కాకపోవడం గురించి కూడా మనకో కథుంది. బేతాళుడు 25 కథలు చెప్తాడు, ప్రతి కథ చివరా ఒక ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల వక్కలవుతుంది. విక్రమార్కుడు చెప్పగానే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అన్నిటికీ టకటకా జవాబు చెప్పినన్నాళ్ళూ ఆయన పని కాలేదు. ఆఖరి కథ ప్రశ్నకి ఆయనకీ జవాబు తెలీదు, నోరు మూసుకుని నడిచాడు, అప్పుడైంది పని. మూడోపేజీ గారూ, కథ అర్థం కాలేదని మీరు కంగారు పడుతున్నారు గానీ, ఆ శవాన్ని భుజాన వేసుకుని అలా కాసేపు నడవండి ముందు.

బుర్రతినేవాడు:

సరే తాతా, ఇది మాత్రం బావుంది. వెనక్కి తీసుకుంటున్నా.

ఎర్రపెన్ను:

అందరూ కలిసి ఆ మనిషి నెత్తినే తప్పు రుద్దుతున్నారు, నిదానంగా చదవాలి, రెండుసార్లు చదవాలి, నోరు మూసుకుని నడవాలి అని. కథ బాలేకపోయి ఉండొచ్చు కదా? అది ఒక్కరూ అనరేం?

నేను ఈ టైపు కథలు చాలా ఏళ్ళుగా చదువుతున్నా, నా లెక్కలో మంచి సంకలనంలో కూడా మూడో వంతు కథలు ఐడియా దగ్గరే ఆగిపోతాయి. "నిద్ర అప్పివ్వొచ్చు" అనేది ఐడియా. పార్టీలో చెప్తే అందరూ వావ్ అంటారు. అది కథ అవ్వాలంటే ఆ నిద్ర లేకపోవడం వల్ల ఒక మనిషికి ఏదో తెగాలి. అది జరగని కథని నాలుగుసార్లు చదివినా వచ్చేది తలనొప్పే. నా పరీక్ష ఒకటే, కథలో ఆ వింతని తీసేసి చూడండి, ఏడుపో నవ్వో భయమో ఏదైనా ఇంకా మిగిలిందా? మిగిలితే కథ, లేకపోతే పజిలు. పజిళ్ళంటే నాకు కోపం లేదు, కానీ పజిలు అని చెప్పి ఇవ్వాలి.

ఇంకో మాట, ఇది ఎవరూ ఎత్తలేదు. మీరు చదివేది అనువాదమా? అయితే కథ వేరే అవుద్ది. తెలుగులోకి వచ్చిన ఇలాంటి కథల్లో నన్ను బాగా ఏడిపించేది మాటలు. ఒకసారి ఒక కథలో కాలవిస్ఫారణం అని తగిలింది, ఇదేదో రచయిత పుట్టించిన గొప్ప వింత అనుకుని మూడు పేజీలు దాని చుట్టూ నానా ఊహలూ అల్లుకున్నా. తీరా చూస్తే అది మామూలు ఫిజిక్సు పుస్తకంలో ఉండే మాటే, వేగంగా వెళ్ళేవాడికి గడియారం నెమ్మదిగా తిరగడం, అనువాదకుడు తెలుగు చేశాడు అంతే. ఇంకోచోట ఉల్టా జరిగింది, రచయిత నిజంగా పుట్టించిన మాటని అనువాదకుడు వాడుక మాటలోకి మార్చేశాడు, ఆ లోకంలో అది వింత అని నాకు తెలియనేలేదు. ఈ జాతి కథల్లో ప్రతి కొత్త మాటా ఒక తాళంచెవి కదా, ఏది తాళంచెవో ఏది మామూలు ఇనప ముక్కో తెలీకపోతే పాఠకుడేం చేస్తాడు పాపం. సగం సార్లు "నాకు అర్థం కాలేదు" అన్నది నిజానికి "మాట నాకు సరిగ్గా చేరలేదు" అని.

అరసున్న:

ఎర్రపెన్ను గారి మాటలకి 100 లైకులు, ముఖ్యంగా అనువాదం సంగతికి. కానీ ఫుట్‌నోట్ల కథని పజిలు అని కొట్టేయడానికి నేను ఒప్పుకోను, అంటే మీరు కొట్టేశారని కాదు, కొట్టేస్తారని ముందే చెప్తున్నా.

అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1941లో వేసిన కథల పుస్తకం ముందుమాటలో చెప్పింది ఏంటంటే, ఐదు నిమిషాల్లో నోటితో చెప్పగలిగిన ఆలోచనని 500 పేజీలకి సాగదీయడం వృథా ప్రయాస, అంతకన్నా ఆ పుస్తకం ఎక్కడో ఉన్నట్టే నటించి దాని మీద ఒక సమీక్ష రాసేయడం మేలు అని. ఆయన అలాగే లేని పుస్తకాలకి సమీక్షలు రాశాడు, వాటినే కథలన్నాడు. ఫుట్‌నోట్ల కథ ఆ ఇంటిదే. పైన ఖాళీగా ఉన్న పేజీ నిజంగా ఖాళీ కాదు, అక్కడో పుస్తకం ఉండేది, మనకి దాని నీడ మాత్రం చూపిస్తున్నారు. అలాంటివాటిలో నేను చూసేది ఫుట్‌నోటు రాసేవాడి గొంతు. మొదట్లో పండితుడిలా పద్ధతిగా రాస్తుంటాడు, ఎక్కడో ఒక చోట జారతాడు, కోపమో అసూయో బయటపడుద్ది. అక్కడ పట్టుకోవాలి.

మనవాళ్ళు కవిత్వం ఎంత తేలిగ్గా అందుతుందో చెప్పడానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని ఊరికే అనలేదు కదా. మీ మ్యాపుల కథ ద్రాక్ష, నోట్లో వేసుకుంటే అయిపోయింది. నిద్ర కథ అరటిపండు, తొక్క ఒలవాలి. ఈ ఫుట్‌నోట్లది కొబ్బరికాయ. మూడోపేజీ గారికి కొబ్బరికాయ కొట్టే మూడ్ లేకపోతే వదిలేసి నాలుగోదానికి పోవచ్చు, సంకలనానికి ఉన్న సుఖమే అది, నవలలో మూడో అధ్యాయం వదిలేయలేం.

బండెడు_పుస్తకాలు:

వదిలేయడం గురించి ఒక చిన్న అభ్యంతరం. వరస మార్చి చదవండి, ఓకే, కానీ మొదటి కథ, ఆఖరి కథ మాత్రం వాటి చోట్లలోనే చదవండి. ఆ రెండూ ఎక్కడ పెట్టాలో రచయితలు తల బాదుకుని పెడతారు. మధ్యవి అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. ఇంకో సంగతి, పుస్తకం చివర కథల మీద నోట్స్ ఉన్నాయేమో చూడండి. చియాంగ్ ప్రతి కథకీ ఆ ఊహ ఎలా పుట్టిందో రాస్తాడు. కథకి ముందు మాత్రం చదవకండి, నేనొకసారి చదివి నాకు నేనే స్పాయిలర్ ఇచ్చుకున్నా.

నిద్రగన్నేరు:

నా ఐడీ చూసి నవ్వుకోవద్దు, ఈ పుస్తకం నేను చదివా, పేరు నేను కూడా చెప్పను. నిద్ర కథ చదివి రెండ్రోజులు సరిగ్గా పడుకోలేదు, ఐరనీ.

మూడోపేజీ గారూ, ఆఖరి లైను మీకు గుర్తుంది, సంతోషం. భుజానికి తెలుసు అన్నాడు కదా, చేతికి తెలుసు అనలేదు. తలుపుని ఎవరైనా చేత్తో తీస్తారు. ఇప్పుడు వెనక్కెళ్ళి ఆ ఖాతాలో రిమార్కుల కాలమ్ ఒక్కటే పైనుంచి కిందకి చదవండి, గంటలూ సంఖ్యలూ వదిలేయండి. నేను కూడా మొదటిసారి అంకెలు చదివి రిమార్కులు గాలికొదిలేశా. ఇంతకన్నా చెప్పను.

ఎర్రపెన్ను గారూ, ఈ కథలో మీ పరీక్ష పెట్టి చూడండి. వింత తీసేసినా మిగులుతుంది, బానే మిగులుతుంది.

మూడోపేజీ:

సారీ, మూడు రోజులు కనబడలేదు. మీరు చెప్పినట్టే చేశా. పుస్తకం అనువాదం కాదు, అది ముందు చెప్పేస్తున్నా, కాబట్టి నాకు తప్పించుకునే దారి లేదు.

పొద్దున్నే, ఫోన్ పక్కన పడేసి, రిమార్కుల కాలమ్ మాత్రం చదివా. చాలావరకు "సరి" "సరి" "సరి" అని ఉంటుంది. రెండో పేజీలో కింది నుంచి నాలుగో ఎంట్రీ దగ్గర "ఆలస్యం. వాన. తలుపు ఉబ్బింది, భుజంతో నెట్టాల్సొచ్చింది" అని ఉంది. నేను మొదటిసారి దాన్ని చదివా కూడా, ఏదో వాతావరణం కోసం రాశారులే అనుకున్నా. ఆ తర్వాత ప్రతి ఏడూ వానల్లో అదే వస్తుంది, తలుపు, భుజం, తలుపు, భుజం, ఒక ఏడు మాత్రం "భుజం నొప్పి, ఎడమ భుజంతో" అని. అప్పటికి నాకు విషయం అర్థమై కాసేపు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. నిద్ర ఇచ్చేస్తే నిద్రతో పాటు అందులో ఉండాల్సిన కల కూడా పోతుంది కదా. పదకొండేళ్ళుగా ఆవిడ కలలు ఇంకెవరో కంటున్నారు. ఆవిడ పోయాక, చివరి రెండు గంటల్లో, ఆవిడ ఇల్లు ఆ రెండోవాళ్ళ కల్లోకి వచ్చింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా గానీ, తీసుకునేవాళ్ళ కాలమ్ కూడా చూద్దాం అని అనిపించి చూశా. అక్కడ పేరుండదు, ఖాతా నంబరూ, పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె ఉంటుంది. ఆ రెండో అంకెని నేను ఏదో పేజీ నంబరో సీరియల్ నంబరో అనుకుని వదిలేశా. అది వయసు. మొదటి ఎంట్రీలో 9 రో. అని ఉంది. తొమ్మిది రోజులు! పుట్టి తొమ్మిది రోజులైన బిడ్డకి నిద్ర పట్టకపోతే ఆవిడ తన నిద్ర ఇవ్వడం మొదలెట్టింది. ఆఖరి ఎంట్రీలో 11 ఏ. కథలో ఎక్కడా అమ్మ అనే మాట లేదు, మళ్ళీ మొత్తం వెతికా, లేదు. ఆ పిల్ల ఆ ఇల్లు ఎప్పుడూ చూడలేదంటే ఇద్దరూ వేరే వేరే చోట్ల ఉన్నారు, ఎందుకో చెప్పలేదు, ఎవరిచ్చేస్తే వెళ్ళిందో చెప్పలేదు. ఆవిడకి నంబరు తెలుసు, అంతే.

నేను 500 పేజీల నవలలో కూడా ఇంత వెనక్కీ ముందుకీ తిరగలేదు. ఏడు పేజీలు అది, లెక్కపెట్టా.

ఫుట్‌నోట్ల కథ ఇంకోసారి మొదలెట్టా, 14వ ఫుట్‌నోటు దగ్గర ఆ పండితుడు ఎవరినో "ఆ మనిషి" అని ఈసడించాడు, అరసున్న గారు చెప్పినట్టు జారింది అక్కడే అనుకుంటా, కానీ ఇంకా కొబ్బరికాయ పగల్లేదు. నాలుగో కథకి వెళ్ళాక మళ్ళీ వస్తా దానికి. తాతగారి మాట విని ప్రస్తుతానికి భుజాన వేసుకుని తిరుగుతున్నా.

తాతగారి_బీరువా:

ఏ భుజాన? 🙂

ఎర్రపెన్ను:

సరే, ఒప్పుకుంటున్నా, ఇది పజిలు కాదు. ఒక్క ప్రశ్న. 11 ఏళ్ళు అన్నారు, రోజూ రెండు గంటలు అన్నారు. ఆవిడ ఒక్క రోజైనా ఇవ్వకుండా ఉందా, మనిషన్నాక ఒక రాత్రి నాకూ కావాలి అనిపిస్తుంది కదా?

మూడోపేజీ:

మీరడిగాక ఇప్పుడే మళ్ళీ తీసి చూశా. ఉందండి. ఏడో ఏట ఒకే ఒక్క రాత్రి. గంటల కాలమ్‌లో సున్నా. రిమార్కుల్లో సరి కూడా లేదు, ఖాళీ.

నిద్రగన్నేరు:

అది నేను చూడలేదు. పుస్తకం ఎవరికో ఇచ్చేశాను, ఛ. ఆ రాత్రికి ముందు ఎంట్రీ, తర్వాతి ఎంట్రీ ఏమున్నాయో ఎవరూ డిస్టర్బ్ చేయనప్పుడు చూసి చెప్పండి ప్లీజ్.